రాత్రి ఎనిమిదైతే ఇంటర్నెట్ స్లో అవుతోందా? ప్లాన్ పెంచే ముందు ఈ మూడు టెస్టులు చేయండి

పగలంతా 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు 90 పైనే వస్తుంది. రాత్రి ఎనిమిది దాటిందంటే యూట్యూబ్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, వీడియో కాల్‌లో బొమ్మ ఆగిపోయి గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. పదకొండున్నర తర్వాత మళ్ళీ అంతా మామూలే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా నాకు తెలిసిన ఇళ్ళలో చాలామంది చెప్పే మాట ఇదే.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అంటారు. లైన్ చూసే అన్నను అడిగితే "పెద్ద ప్లాన్ ఏస్కోండన్నా, సెట్ అయితది" అంటాడు. ఈ సలహాలు ఒక్కోసారి పనిచేస్తాయి, చాలాసార్లు చేయవు. ఎందుకంటే రాత్రిపూట స్లో అవడానికి కారణం మూడు వేర్వేరు చోట్ల ఉండొచ్చు:

1. మీ బిల్డింగ్‌లో వైఫై రద్దీ
2. మీ ఇంట్లో వాళ్ళే మీ లైన్‌ను నింపేయడం
3. మీ ఆపరేటర్ వైపు రద్దీ

వీటిలో పెద్ద ప్లాన్ వల్ల ఉపయోగం ఉండేది రెండో దానికి మాత్రమే. మిగతా రెండింటికీ ప్లాన్ పెంచినా అంతే స్లోగా ఉంటుంది, బిల్లు మాత్రం పెరుగుతుంది. అందుకే కారణం ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. దానికి ఒక ల్యాప్‌టాప్, ఒక లాన్ కేబుల్, రాత్రి ఒక అరగంట చాలు.

నేను ఈ టెస్టులు రెండు చోట్ల చేశాను. ఒకటి దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్రెండ్స్‌తో కలిసి నేనుండే ఫ్లాట్. రాత్రి తొమ్మిదికి అమెరికా క్లయింట్‌తో నా కాల్ ఉంటుంది. రెండోది ఎల్బీ నగర్‌లో అక్క వాళ్ళ ఇల్లు. అక్క రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఆన్‌లైన్‌లో మ్యాథ్స్ ట్యూషన్ చెబుతుంది. మధ్యలో క్లాస్ కట్ అవుతోందని ఇద్దరు పిల్లల్ని మాన్పించేశారు కూడా. మెట్రోలో మూడు స్టేషన్ల దూరం, రెండు చోట్లా ఒకటే కంప్లైంట్. టెస్ట్ చేస్తే తేలిన కారణాలు మాత్రం వేరు.

రాత్రి పూటే ఎందుకు?

ఇంటి ఇంటర్నెట్ మనకొక్కరికే కేటాయించిన పైపు కాదు. చాలామంది కలిసి వాడుకునే లైన్. మన ఏరియాల్లో ఎక్కువగా ఉండే ఫైబర్ టెక్నాలజీ పేరు జీపాన్. ఇందులో ఆపరేటర్ పెట్టె నుంచి వచ్చే ఒక ఫైబర్‌ను స్ప్లిటర్‌తో 32 లేదా 64 ఇళ్ళకు పంచుతారు. ఆ ఇళ్ళన్నింటికీ కలిపి డౌన్‌లోడ్ సుమారు 2.5 జీబీపీఎస్, అప్‌లోడ్ సుమారు 1.25 జీబీపీఎస్.

64 ఇళ్ళతో భాగిస్తే ఇంటికి 39 ఎంబీపీఎస్ కూడా రాదు కదా అనిపిస్తుంది. కానీ అందరూ ఒకే క్షణంలో ఫుల్ స్పీడ్ లాగరు. ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. 64 ఇళ్ళలోనూ ఒకేసారి 4కే సినిమా పెట్టుకున్నా 960 ఎంబీపీఎస్ దాటదు. అంటే మీ వీధిలోని ఫైబర్ దగ్గర ఇరుకు ఏర్పడటం తక్కువే. ఇరుకంతా దాని వెనకాల ఉంటుంది. ఆ పెట్టె నుంచి ఆపరేటర్ మెయిన్ నెట్‌వర్క్‌కు వెళ్ళే లింకు దగ్గర. వందల ఇళ్ళు ఉన్న ఏరియాకు చిన్న లింకు తీసుకుంటే పగలు సరిపోతుంది, రాత్రి సరిపోదు.

ఇలా పంచుకునే నిష్పత్తిని కంటెన్షన్ రేషియో అంటారు. ఇళ్ళ బ్రాడ్‌బ్యాండ్‌కు ఇది 1:50 దాటకూడదని ట్రాయ్ 2009లో మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే ఒకే ప్లాన్ ఉన్న 50 ఇళ్ళు కలిసి ఒక ఇంటికి సరిపడా బ్యాండ్‌విడ్త్‌ను వాడుకుంటాయన్నమాట. వినడానికి ఘోరంగా ఉన్నా, పగలు ఆఫీసులకీ కాలేజీలకీ వెళ్ళిపోతాం కాబట్టి బండి నడుస్తుంది. ఐపీఎల్ మ్యాచ్ ఏడున్నరకు మొదలైన రోజు ఇంటింటా టీవీ ఆన్ అవుతుంది, లెక్క తప్పుతుంది. 2023 నవంబర్ 19న వరల్డ్ కప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. అలాంటి లోడ్ పడేదీ ఈ లింకుల మీదే.

ఇక టెస్టుల సంగతి చూద్దాం.

టెస్ట్ 1: రూటర్‌కు ఒక పింగ్, బయటికి ఒక పింగ్

పింగ్ అంటే ఒక చిన్న ప్యాకెట్ పంపి, జవాబు ఎన్ని మిల్లీ సెకన్లలో వచ్చిందో చూడటం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ రెండు విండోలు తెరవండి. మొదటి దాంట్లో పింగ్ కమాండ్‌తో మీ రూటర్ అడ్రస్ కొట్టండి. చాలా రూటర్లకు అది 192.168.1.1 లేదా 192.168.0.1. జియో ఫైబర్ అయితే 192.168.29.1. రెండో దాంట్లో 8.8.8.8 లేదా 1.1.1.1 కొట్టండి. విండోస్‌లో చివర స్పేస్ ఇచ్చి మైనస్ గుర్తు, పక్కనే టీ అక్షరం పెడితే మీరు ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. మ్యాక్, లైనక్స్‌లో అది కూడా అక్కర్లేదు.

ల్యాప్‌టాప్ మీరు రోజూ కూర్చునే చోటే, వైఫై మీదే పెట్టి, స్లోగా ఉన్న టైములో ఐదు నిమిషాలు వదిలేయండి.

రూటర్ పింగే 100, 200 దాకా ఎగురుతుంటే, లేదా మధ్య మధ్యలో టైమ్ అవుట్ వస్తుంటే సమస్య మీ వైఫైలో ఉంది. రూటర్ పింగ్ పది లోపే నిలకడగా ఉండి, బయటి పింగ్ మాత్రం ఎగురుతుంటే వైఫై బాగానే ఉంది, సమస్య దాని తర్వాత ఉంది. ఎప్పుడో ఒకసారి ఒక పెద్ద నంబర్ వస్తే పట్టించుకోవద్దు. వరుసగా వస్తేనే లెక్క.

టెస్ట్ 2: లాన్ కేబుల్ పెట్టి స్పీడ్ టెస్ట్

ఇప్పుడు ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కు పెట్టి, వైఫై ఆఫ్ చేసి, స్పీడ్ టెస్ట్ చేయండి. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి.

ఒకటి, స్పీడ్ టెస్ట్ యాప్ దగ్గర్లోని సర్వర్‌ను తనే ఎంచుకుంటుంది. చాలాసార్లు అది మీ ఆపరేటర్ సొంత సర్వరే అయి ఉంటుంది. అక్కడి దాకా స్పీడ్ బాగున్నా, అది దాటాక రద్దీ ఉంటే ఈ టెస్ట్‌లో కనిపించదు. అందుకే సర్వర్ మార్చి, వేరే కంపెనీ సర్వర్‌తో, ఇంకో నగరంలోని సర్వర్‌తో కూడా చేయండి. ఫాస్ట్ డాట్ కామ్ నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల దాకా కొలుస్తుంది కాబట్టి అది కూడా ఒకసారి చూడండి.

రెండు, 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉండి కూడా కేబుల్ మీద ఎప్పుడూ 94, 95 దగ్గరే ఆగిపోతుంటే రూటర్ పోర్టో, కేబులో 100 ఎంబీపీఎస్‌ది అయి ఉంటుంది. దానికి రాత్రీ పగలూ తేడా ఉండదు. గిగాబిట్ పోర్ట్ ఉన్న రూటర్, క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 కేబుల్ కావాలి.

టెస్ట్ 3: మిగతా డివైస్‌లన్నీ ఆపేయడం

బయటి పింగ్ ఎగురుతూ ఉండగానే, ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీ, సీసీ కెమెరా అన్నింటినీ వైఫై నుంచి తీసేయండి. కేబుల్ మీద మీ ల్యాప్‌టాప్ ఒక్కటే ఉండాలి. పింగ్ వెంటనే కిందికి దిగితే మీ లైన్‌ను నింపుతున్నది మీ ఇంట్లోవాళ్ళే. దిగకపోతే ఇరుకు ఆపరేటర్ వైపు ఉందని అర్థం.

కారణం వైఫై అయితే

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఫ్లాట్‌లో తేలింది ఇదే. పొద్దున రూటర్ పింగ్ 3 మిల్లీ సెకన్లు. రాత్రి తొమ్మిదికి 80 నుంచి 300. అదే సమయంలో కేబుల్ పెడితే 94 ఎంబీపీఎస్ వచ్చింది. లైన్‌లో ఏ లోపమూ లేదన్నమాట.

వైఫై అనలైజర్ యాప్ పెట్టి చూస్తే మా హాల్లోకి 30 పైన నెట్‌వర్క్‌లు కనిపించాయి. మాకు రెండు వైపులా హాస్టళ్ళే. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట సందుల్లో కోచింగ్ కోసం వచ్చిన పిల్లల హాస్టళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, ఫ్లోర్‌కు ఒకటో రెండో రూటర్లు ఉంటాయి. పగలు వాళ్ళు క్లాసుల్లో ఉంటారు. రాత్రి అన్నం తిన్నాక అందరూ ఫోన్లు పట్టుకుంటారు.

వైఫైలో ఒక ఛానల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. పక్క హాస్టల్ రూటర్ మీ ఛానల్‌లోనే ఉంటే, అది మాట్లాడుతున్నంతసేపూ మీ రూటర్ ఆగాల్సిందే. 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 13 ఛానళ్ళు ఉన్నా, ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి 1, 6, 11 మాత్రమే. 30 రూటర్లు ఈ మూడింటిలో సర్దుకోవాలి.

దీనికి మందు 5 గిగాహెర్ట్జ్. కేంద్రం 2018 అక్టోబర్‌లో ఈ బ్యాండ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చని నోటిఫై చేసింది కాబట్టి ఛానళ్ళకు కొరత లేదు. ఇది గోడలు సరిగా దాటదని చాలామంది దీన్ని వాడరు. మన బిల్డింగుల్లో అదే ప్లస్ పాయింట్, పక్కింటి సిగ్నల్ కూడా మన దాకా రాదు. చేయాల్సింది ఇది:

రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 2.4కు ఒక పేరు, 5కు ఇంకో పేరు పెట్టండి. రెంటికీ ఒకే పేరు ఉంటే ఫోన్ చాలాసార్లు 2.4నే పట్టుకుని కూర్చుంటుంది. ల్యాప్‌టాప్, టీవీ, ఫోన్లను 5కు మార్చండి. స్మార్ట్ బల్బులు, కెమెరాల్లాంటివి 2.4లో ఉండనివ్వండి. 2.4లో ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టి, 1, 6, 11లో ఏది ఖాళీగా ఉందో రాత్రి తొమ్మిదికి చూసి దాన్ని ఫిక్స్ చేయండి. పొద్దున చూసి ఎంచుకుంటే రాత్రి పరిస్థితి తెలియదు. రూటర్‌ను టీవీ వెనకాల, అల్మారా లోపల కాకుండా ఇంటి మధ్యలో ఎత్తున పెట్టండి. ఆఫీస్ కాల్స్ ఉన్న డెస్క్‌కు మాత్రం లాన్ కేబుల్ లాగేయండి, దానికి మించింది లేదు.

మా ఫ్లాట్‌లో 5కు మారాక రాత్రి తొమ్మిదికి రూటర్ పింగ్ 4, 5కు దిగింది. ఖర్చు సున్నా. లైన్ చూసే అన్న మాట విని ప్లాన్ డబుల్ చేసుకుని ఉంటే నా కాల్స్ అలాగే కట్ అవుతూ ఉండేవి.

రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే కాసేపు బాగుండటానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. ఆటో ఛానల్ సెట్టింగ్ ఉంటే ఆన్ అయినప్పుడు రూటర్ అప్పటికి ఖాళీగా ఉన్న ఛానల్ వెతుక్కుంటుంది. కాసేపయ్యాక అక్కడికీ జనం వస్తారు.

కారణం మీ లైన్ నిండిపోవడం అయితే

సాయంత్రం అందరూ ఇంటికి రాగానే ఫోన్లు వైఫై పట్టుకుని గూగుల్ ఫోటోస్, వాట్సాప్ బ్యాకప్ మొదలుపెడతాయి. క్లౌడ్‌కు వీడియో పంపే సీసీ కెమెరా ఉంటే అది రోజంతా అప్‌లోడ్ చేస్తూనే ఉంటుంది. అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా కుంటుపడుతుంది. ఎందుకంటే వచ్చిన ప్రతి డేటాకూ అందిందని జవాబు పైకి వెళ్ళాలి, ఆ జవాబులు బ్యాకప్ వెనకాల క్యూలో నిలబడతాయి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. స్పీడ్ టెస్ట్‌లో నంబర్ బాగుండి, కాల్ మాత్రం ముక్కలవుతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

బ్యాకప్‌లను అర్ధరాత్రికి మార్చండి. కెమెరా క్వాలిటీ ఒక మెట్టు తగ్గించండి, లేదా మెమరీ కార్డులో రికార్డ్ అయ్యేలా పెట్టండి. రూటర్‌లో క్యూఓఎస్ ఉంటే అప్‌లోడ్‌ను మీకు నిజంగా వచ్చే స్పీడ్‌లో 85, 90 శాతానికి కట్టేయండి. ఇవన్నీ చేసినా ఇంట్లో మనుషులు ఎక్కువై సరిపోవడం లేదంటే, పెద్ద ప్లాన్ తీసుకోవడంలో అర్థం ఉంది.

కారణం ఆపరేటర్ అయితే

ఎల్బీ నగర్‌లో అక్క వాళ్ళింట్లో కేబుల్ పెట్టి, మిగతావన్నీ ఆపేసి కొలిచాను. రూటర్ పింగ్ ఎప్పుడూ 1 మిల్లీ సెకనే. మధ్యాహ్నం మూడింటికి బయటి పింగ్ 8, స్పీడ్ 94. రాత్రి ఎనిమిదిన్నరకు పింగ్ 90 నుంచి 140, వంద ప్యాకెట్లలో నాలుగైదు పోతున్నాయి, స్పీడ్ 11. పన్నెండింటికి మళ్ళీ 94. వరుసగా ఐదు రాత్రులు ఇదే తీరు.

ఇక్కడ ఫైబర్ సిగ్నల్ కూడా ఒకసారి చూడాలి. ఓఎన్‌టీ పెట్టె సెట్టింగ్స్‌లో ఆప్టికల్ పవర్ అని ఉంటుంది. జీపాన్‌లో ఎక్కువగా వాడే రకానికి మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉంటే పనిచేస్తుంది. మైనస్ 27కు దగ్గరగా ఉంటే జాయింట్‌లోనో, వంగిన వైరులోనో లోపం ఉందని అనుకోవచ్చు. అక్క వాళ్ళకు మైనస్ 19, బాగానే ఉంది. పైగా సిగ్నల్ లోపమైతే గడియారం చూసుకుని రాదు, రోజంతా ఉంటుంది. అలాగే నెలవారీ డేటా లిమిట్ దాటినా స్పీడ్ రోజంతా తగ్గే ఉంటుంది. చాలా అన్‌లిమిటెడ్ ప్లాన్లకు 3,300 జీబీ దగ్గర ఆ లిమిట్ ఉంది, యాప్‌లో చూసుకోండి.

2025 ఆగస్టులో మన పక్కనే రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంట్ తగిలి ఐదుగురు చనిపోయాక, విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్ళను తొలగించింది. నగరంలో చాలా చోట్ల ఇంటర్నెట్ ఆగిపోయింది. వైరు తెగితే మొత్తం పోతుంది. తెగిన వైరును సరిగా అతకకపోతే సిగ్నల్ రోజంతా బలహీనంగా ఉంటుంది. రాత్రి మాత్రమే స్లో అయితే అది వైరు సమస్య కాదు, లింకు కెపాసిటీ సమస్య.

దీనికి రూల్ ఉంది. ట్రాయ్ 2006 నాటి బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనల ప్రకారం రద్దీ వేళల్లో కూడా ఆపరేటర్ లింకుల వాడకం 80 శాతం లోపు ఉండాల్సి వచ్చేది, 90 దాటితే నెట్‌వర్క్‌లో రద్దీ ఉన్నట్టే లెక్కపెట్టేవారు. ప్యాకెట్ లాస్ 1 శాతం లోపు ఉండాలని కూడా అందులో ఉండేది. 2024 అక్టోబర్ 1 నుంచి వాటి స్థానంలో కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి.

కంప్లైంట్ ఇలా ఇవ్వండి

"నెట్ స్లో ఉంది" అంటే రూటర్ రీస్టార్ట్ దగ్గరే ఆగిపోతారు. ఐదు రోజులు మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదికి కేబుల్ మీద తీసిన స్పీడ్, పింగ్, ప్యాకెట్ లాస్ రాసి, స్క్రీన్‌షాట్లతో యాప్‌లో గానీ మెయిల్‌లో గానీ పంపండి. "కేబుల్ మీద, ఒక్క డివైస్‌తో కొలిచాను, ఆప్టికల్ పవర్ ఇంత" అని మొదటి లైన్‌లోనే రాయండి. డాకెట్ నంబర్ తప్పకుండా తీసుకోండి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలో అప్పీలేట్ అథారిటీకి 30 రోజుల్లోపు అప్పీల్ చేయొచ్చు, దానికి డబ్బులు కట్టక్కర్లేదు. వాళ్ళు 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ ఒక్కొక్కరి కంప్లైంట్లను నేరుగా తీసుకోదు. కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు మాత్రం చెప్పొచ్చు.

అక్క వాళ్ళ ఆపరేటర్ రెండు డాకెట్ల తర్వాత కూడా ఏమీ చేయలేదు. పైగా పన్నెండు నెలల పెద్ద ప్లాన్‌కు ముందే కట్టేస్తే ప్రయారిటీ ఇస్తామన్నాడు. బావ కట్టేద్దామనుకున్నాడు కూడా. ఆపి, పై ఫ్లోర్ ఆంటీ వాళ్ళింట్లో వేరే కంపెనీ కనెక్షన్ ఉంటే రాత్రి తొమ్మిదికి అక్కడ పింగ్ పెట్టి చూశాం. 10 మిల్లీ సెకన్లు, ప్యాకెట్ లాస్ సున్నా. ఒక్క నెల ప్లాన్‌తో దానికి మారిపోయారు. అక్క క్లాసులు ఇప్పుడు ఆగడం లేదు, మానేసిన పిల్లల్లో ఒకరు తిరిగి వచ్చారు.

మారాలనుకుంటే మీరూ ఇలాగే చేయండి. ఏ కంపెనీ మంచిదని ఇంటర్నెట్‌లో వెతకడం కంటే, మీ బిల్డింగ్‌లో ఆ కనెక్షన్ ఉన్నవాళ్ళ ఇంట్లో రాత్రి తొమ్మిదికి ఒక పింగ్ పెట్టడం మేలు. ఒకే కంపెనీ వనస్థలిపురంలో బాగుండి, నాగోల్‌లో బాగుండకపోవచ్చు, లింకు ఏరియాను బట్టి ఉంటుంది. మొదటిసారే ఆరు నెలలకూ, ఏడాదికీ కట్టేయకండి. రెండు శని, ఆదివారాల రాత్రులు చూశాక కట్టండి.

డబ్బు పెట్టక్కర్లేనివి

డీఎన్ఎస్ మార్చితే వెబ్‌సైట్ తెరుచుకోవడం కొంచెం త్వరగా మొదలవ్వొచ్చు, రాత్రి రద్దీ మాత్రం తగ్గదు. చవకగా దొరికే వైఫై ఎక్స్‌టెండర్లు చాలావరకు అదే ఛానల్ మీద ప్రతి ప్యాకెట్‌నూ రెండోసారి పంపుతాయి, హాస్టళ్ళ మధ్య అది రద్దీని ఇంకా పెంచుతుంది. కారణం ఆపరేటర్ అయితే ఖరీదైన వైఫై 6 రూటర్ కొన్నా లాభం లేదు.

క్లుప్తంగా చెప్పాలంటే: రూటర్ పింగ్ ఎగిరితే 5 గిగాహెర్ట్జ్‌కు మారండి లేదా కేబుల్ లాగండి. డివైస్‌లు ఆపగానే బయటి పింగ్ దిగితే బ్యాకప్‌లు సర్దండి, అప్పటికీ చాలకపోతే ప్లాన్ పెంచండి. ఒక్క ల్యాప్‌టాప్ కేబుల్ మీద ఉన్నా రాత్రి పింగ్ దిగకపోతే డాకెట్ నంబర్ తీసుకోండి, పై ఫ్లోర్ వాళ్ళ కనెక్షన్ ఒకసారి చూడండి. ఈ రాత్రి తొమ్మిదికే మొదలుపెట్టొచ్చు, రీచార్జ్ డేట్ వచ్చేలోపు మీకు జవాబు దొరుకుతుంది.